నవజీవన్ ఎక్కే ఇత్తడి టార్చి

సూరత్‌లో కరెంటు పోవడం అరుదు. మరమగ్గాలు రాత్రీ పగలూ ఆడే ఊరు అది. అలాంటి చోట ఒక మనిషి టార్చిలైటు కోసం అరగంటగా బేరమాడుతుంటే ఆగి చూడాలనిపిస్తుంది. భాగల్ కూడలి నుంచి చౌటా బజారు వైపు వెళ్లే దారిలో, స్టీలు గిన్నెలకూ కుక్కర్ రబ్బర్లకూ మధ్య ఇరుక్కున్న చిన్న దుకాణం. ముందు వరుసలో రంగురంగుల ప్లాస్టిక్ ఎల్‌ఈడీ లైట్లు వేలాడుతున్నాయి. ఆయన వాటివైపు కన్నెత్తి చూడలేదు. కావలసింది మూడు సెల్లు పట్టే ఇత్తడి టార్చి.

"ఇక్కడ నాకెందుకు సార్, ఇది మా బాపుకు" అన్నారాయన, నేను తెలుగులో పలకరించగానే. సొంతూరు కరీంనగర్ జిల్లాలో. లింబాయత్‌లో కాపురం, మగ్గం మీద 12 గంటల షిఫ్టు, రెండు రోజుల్లో ఊరికి ప్రయాణం.

లింబాయత్ సందుల్లో తెలుగు వినడానికి వెతుక్కోనక్కర్లేదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి పద్మశాలీలు దశాబ్దాలుగా ఇక్కడికి వలస వస్తున్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. బతుకమ్మ పండుగకు ఇక్కడా పూలు పేరుస్తారు. వరంగల్ శివార్లలో 2017లో భారీ జౌళి పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్ వెళ్లినవాళ్లంతా తిరిగి రావచ్చని నాయకులు చెప్పారు. వరంగల్ మీదుగా వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో రద్దీ మాత్రం తగ్గలేదు. ఆ బండిలో ఊరికి వెళ్లే సంచుల్లో చీరలుంటాయి, డ్రెస్ మెటీరియల్ ఉంటుంది. అప్పుడప్పుడూ ఇలాంటి టార్చి కూడా.

బాపుకు టార్చి దేనికో తెలియాలంటే తెలంగాణ పల్లెలో రాత్రి తెలియాలి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. కానీ అది రోజంతా ఉండేది కాదు. ఇచ్చే ఏడు గంటల్లో కొంత తరచూ అర్ధరాత్రి దాటాక వచ్చేది. మోటారు వేయడానికి రైతు బావి దగ్గరికి నడవాల్సిందే. గట్టు మీద పాము, తడి చేతులతో స్టార్టర్. అలా వెళ్లి తిరిగిరానివాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. ఈయన చిన్నాయన అందులో ఒకరు. "ఆ రాత్రి చేతిల అగ్గిపెట్టె ఒక్కటే ఉండె" అని ఆగిపోయారు. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది. అయినా డెబ్బై దాటిన బాపుకు అర్ధరాత్రి లేచి ఒకసారి పొలం చూసిరావడం అలవాటైపోయింది. అడవిపందుల బెడద వేరే.

అయితే ఇత్తడే ఎందుకు? వెలుగు కోసమైతే కాదు. పాత బల్బులో కరెంటు చాలావరకు వేడిగా పోతుంది. అదే సెల్లతో ఎల్‌ఈడీ అంతకన్నా ఎక్కువ వెలుగు, ఎక్కువ సేపు ఇస్తుంది. కిటుకు మరమ్మతులో ఉంది. ప్లాస్టిక్ లైటులో లోపలి బ్యాటరీ చచ్చిపోతే సాధారణంగా లైటునే పారేయాలి. ఇత్తడి టార్చిని వెనక మూత తిప్పితే స్ప్రింగు, ముందు తల తిప్పితే అద్దం, రిఫ్లెక్టరు, బల్బు విడిగా చేతికొస్తాయి. ఏది పోతే అది మార్చుకోవచ్చు. ఇత్తడిలో ఉన్నవి రాగి, జింకు. ఇనుములా తుప్పు పట్టదు. ఇప్పుడు చాలామంది పాత గొట్టంలోనే ఎల్‌ఈడీ బల్బు బిగించుకుంటున్నారు. ఇక ఏమీ పనికిరాకపోతే తూకానికి అమ్మవచ్చు. ప్లాస్టిక్‌కు ఆ గౌరవం కూడా లేదు.

దేశంలో ఈ వస్తువుకు రెండు పెద్ద చిరునామాలు ఉండేవి. ఒకటి అలహాబాద్, అంటే నేటి ప్రయాగ్‌రాజ్‌కు చెందిన జీప్. రెండోది ఎవరెడీ. 1984లో భోపాల్‌లో విషవాయువు వెలువడేదాకా యూనియన్ కార్బైడ్ అంటే మన ఇళ్లలో బ్యాటరీల కంపెనీయే. 1994లో అమెరికా మాతృసంస్థ తన వాటాను అమ్ముకుని వెళ్లిపోయాక ఎవరెడీయే కంపెనీ పేరైంది. ఆ కంపెనీ ఇత్తడి టార్చి పేరు జీవన్ సాథీ. జీవన్ సాథీని సంచిలో పెట్టుకుని నవజీవన్ ఎక్కడం బాగానే కుదిరింది.

దుకాణదారుకు తన కారణాలు తనకున్నాయి. గల్లా కింద నుంచి సొట్టలు పడిన టార్చి ఒకటి తీశాడు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నుంచి వదిలిన నీటితో తాపీ నది సూరత్‌లో అత్యధిక భాగాన్ని ముంచినప్పుడు ఇదీ నీళ్లలోనే ఉందట. వరద తీశాక బురద కడిగి, తుప్పు పట్టిన స్ప్రింగు మార్చి, కొత్త సెల్లు వేస్తే వెలిగిందని చెప్పాడు. ఆ రోజుల్లో ఛార్జింగ్ పెట్టుకునే దారి లేక సెల్‌ఫోన్లు మూగబోయాయి. సొట్ట వరదది కాదని, పిల్లలు కింద పడేశారని నిజాయితీగా ఒప్పుకున్నాడు.

చివరికి బేరం కుదిరింది. గుండ్రటి వెలుగు ఎదురుగా ఉన్న మూడంతస్తుల మేడ పిట్టగోడ మీద పడింది. దుకాణదారు సెల్లు బయటికి తీసి విడిగా కాగితంలో చుట్టాడు. వాడనప్పుడు లోపల ఉంచొద్దని, కారిపోయి గొట్టాన్ని తినేస్తాయని హిందీలో జాగ్రత్త చెప్పాడు.

"మా బాపు తియ్యడు" అన్నారు ఈయన నావైపు తిరిగి. "తలాపున పెట్టుకొనే పంటడు." తర్వాత కాసేపు ఆలోచించి, ఇంకో రెండు బల్బులు అడిగి తీసుకున్నారు.