అమ్మ వాటా

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎవరో గానీ, పాత ఇల్లు బాగుచేయించి చూడు అనడం మరచిపోయాడు. ఇద్దరు ఆడబిడ్డల పెళ్ళిళ్ళు దగ్గరుండి జరిపించాను నేను. చంద్రగిరిలో అమ్మ వాటా మరమ్మతు ముందు అవి ఏపాటి!

వాటా అంటే మరేం లేదు. పాత మిద్దెయింట్లో మేడ మీద రెండు గదులు, వంటకో మూల, కాళ్ళు చాపితే అవతలి గోడకు తగిలే వరండా. నాన్న పోయాక తిరుపతి వచ్చెయ్యమంటే అమ్మ వినలేదు. 1639లో ఇంగ్లీషువాళ్ళకు చెన్నపట్నంలో చోటిచ్చింది చంద్రగిరి రాజుల కింది నాయకులేనట. మా అమ్మ మాత్రం రెండు గదులు వదలనంటుంది!

మూడేళ్ళ క్రితం పడకగది గోడ చెమ్మెక్కింది. ఓ మేస్త్రి శుభ్రంగా సిమెంటు పూసి, పైన రంగేసి వెళ్ళాడు. చూసి మురిసిపోయాను. కార్తీకమాసం వానలు పడ్డాయో లేదో, గోడంతా తెల్లటి ఉప్పు. పెచ్చులు పెచ్చులుగా రాలడం. ఆ చెమ్మకు అమ్మకు ఆయాసం పట్టుకుంది. నాకు చెప్పకుండా పక్క వంటమూలకు మార్చుకుంది. తల్లుల త్యాగాల మీద నవలలో పేజీలు నింపుతూ నేనేమో తిరుపతిలో కూర్చున్నాను.

తెలిశాక, ఆ నవల డబ్బే పట్టుకుని బయలుదేరాను. "బూడిదలో పోసిన పన్నీరు" అన్నారు మావారు.

ఈసారి దొరికిన మేస్త్రి ముసలాయన. గోడను వేలితో తట్టి, "ఇది సున్నం గోడమ్మా. దీనికి సిమెంటు పూస్తే ముక్కు మూసినట్టే" అన్నాడు. మిద్దె మీంచి గోడలోకి దిగిన నీళ్ళు సున్నంలోంచి మెల్లగా ఆరిపోతాయట. సిమెంటు వాటిని పోనివ్వదు. నాకు నమ్మకం కుదరక కోటకు వెళ్ళాను. రాజమహలు చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో! మూడంతస్తుల మేడ, ఎక్కడా కొయ్య వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. విజయనగర రాజులు పెనుకొండ వదిలి ఇక్కడికి రాజధాని మార్చి నాలుగు వందల ఏళ్ళు దాటింది. అది ఇప్పటికీ నిలబడే ఉంది. మా గోడ మూడేళ్ళు నిలవలేదు.

సరే, సిమెంటు చెక్కించాం. రెండు రోజులు ఇంటిల్లిపాదీ పిండిమర నుంచి వచ్చినట్టున్నాం. ఇటుకలు ఆరడానికి నెల్లాళ్ళు ఊరికే వదిలేశాడాయన. ఆ తర్వాత నానబెట్టిన సున్నం, జల్లించిన ఇసుక, కరక్కాయలూ బెల్లమూ నానిన నీళ్ళు. మిద్దె మీద ఇటుక ముక్కలూ సున్నమూ పరిచి, ఆడకూలీలు వరసగా కూర్చుని కొయ్యబద్దలతో రోజుల తరబడి కొట్టారు. ఆ చప్పుడుకు వీధి వీధంతా నన్ను తిట్టుకునే ఉంటుంది. బెల్లానికి వచ్చిన చీమల సంగతి చెప్పనే అక్కర్లేదు. సున్నం చవకే గానీ కూలి చవక కాదు. నవల సగంలోనే అయిపోయింది. గాజులు ఒక జత తాకట్టుకు వెళ్ళాయి. ఆ మాట మావారికి ఇంకా చెప్పలేదు. ఈ పత్రిక ఆయన చదవరని ధైర్యం!

పడకగది గోడలో దీపపు గూడొకటుంది. మసి పట్టి నల్లగా ఉంటుంది. "పూడ్చేద్దామా? గోడ నున్నగా ఉంటుంది" అన్నాను.

"నీ ఇష్టమే తల్లీ" అంది అమ్మ.

ఆ మాటకు అర్థం ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? సాయంత్రం చూస్తే గూట్లోని నాన్న కళ్ళజోడు తీసి కొంగున ముడేసుకుంటోంది. పొద్దున్నే మేస్త్రికి చెప్పాను, దాని జోలికి పోవద్దని. మసి కూడా తుడవొద్దన్నాను.

మొన్న కార్తీకంలో నాలుగు రోజులు వదలని వాన. ఫోన్ చేసి, "గోడ ఎట్లుంది?" అన్నాను.

"బాగానే ఉండాది."

"మంచం ఎక్కడేశావు?"

కాసేపు మాట్లాడలేదు. "వచ్చి చూసుకో పో" అంది.

గొడుగు తీసుకుని బస్సెక్కాను. మంచం గూటి కిందే ఉంది. కళ్ళజోడు గూట్లో ఉంది. అమ్మ గాఢంగా నిద్రపోతోంది.