రంగుల పంచాయితీ

పెళ్లయిన కొన్నాళ్లకి ఆల్బమ్ ఇంటికొస్తుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. రెండో పేజీ తిప్పేసరికి ఎవరో ఒక మేనత్త కళ్లజోడు సవరించుకుని, "ఇదేమిటే, పెళ్లిచీర రాణి రంగు కదా! ఇందులో మిరపపండు ఎరుపులా ఉందేం?" అంటుంది. ఇంకేముంది, పంచాయితీ మొదలు. ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ వెళ్తుంది. "మా సిస్టంలో కరెక్టుగానే ఉందండీ, ల్యాబ్‌లో మారుంటుంది" అంటాడాయన. ల్యాబ్ వాళ్లు "ఫైల్ ఎలా వస్తే అలాగే వేశాం" అంటారు. ఈలోగా మరిదిగారు జేబులోంచి ఫోన్ తీసి "అసలు రంగు ఇదీ" అని చూపిస్తారు. అది మూడో రంగు. బీరువాలోంచి చీర తీస్తే నాలుగోది.

మీ ఇంట్లోనూ ఇది జరిగే ఉంటుంది. తీరిగ్గా కూర్చున్నాం గనక ఈ తగువు సంగతి కాస్త మాట్లాడుకుందాం. తీర్పు ముందే చెప్పేస్తాను: ఇందులో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. నలుగురి కొలతలూ వేరు, అంతే.

ఫొటో ఫైల్లో రంగు ఉండదు, అంకెలుంటాయి. ప్రతి చుక్కకీ ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడు అంకెలు. మామూలు జేపెగ్ ఫైల్లో ఒక్కోటి 0 నుంచి 255 దాకా. "ఎరుపు 200" అని ఫైల్ చెబుతుంది సరే, ఏ ఎరుపు? ఒక్కో తెరకి తన ఎరుపు తనది. ఒకే కంపెనీ, ఒకే మోడల్ మానిటర్లు రెండు పక్కపక్కన పెట్టి చూడండి, ఒకటి కాస్త నీలంగా, ఒకటి కాస్త వెచ్చగా కనిపించడం మామూలే. వాడగా వాడగా తెర వెలుగు తగ్గుతుంది, రంగూ కాస్త అటో ఇటో జరుగుతుంది.

కొట్లో తూకం రాళ్ల మీద తూనికలు కొలతల శాఖ వాళ్లు ముద్ర ఎందుకు వేస్తారు? కొట్టుకో కిలో ఉంటే బేరం సాగదు గనక. మానిటర్‌కి క్యాలిబ్రేషన్ అంటే ఆ ముద్రే. ఫొటోని అందంగా చెయ్యడం దాని పని కాదు. చాలామంది అక్కడే పొరబడతారు. క్యాలిబ్రేట్ చేశాక తెర చూసి "అయ్యో, పచ్చగా చచ్చిపోయినట్టుందే!" అని నిట్టూరుస్తారు. అన్నాళ్లూ కొట్టొచ్చినట్టు నీలంగా వెలిగిన తెరకి కళ్లు అలవాటుపడ్డాయి మరి. ఒక పూట ఓపిక పడితే కళ్లే సర్దుకుంటాయి.

మరి ఆ అసలు కిలో ఎక్కడుంది అంటారా? దాని కథ భలేగా ఉంటుంది. 1920లలో ఇంగ్లండులో డబ్ల్యు. డి. రైట్, జాన్ గిల్డ్ అనే ఇద్దరు విడివిడిగా ఒక పని చేశారు. కొందరిని కూర్చోబెట్టి, ఒక పక్క ఒక రంగు వెలుగు చూపించి, రెండో పక్క ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు కలిపి దానికి జోడీ కుదర్చమన్నారు. రైట్ దగ్గర 10 మంది, గిల్డ్ దగ్గర ఏడుగురు. ఆ 17 మంది కళ్లు చెప్పిన లెక్కల మీదే 1931లో సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ రంగుల కొలమానం కట్టింది. ఈ రోజుకీ మీ టీవీ, నా ఫోను, శివకాశి ప్రెస్సు, అన్నిటి రంగుల లెక్కా ఆ వంశంలోదే. 1993లో ఎనిమిది కంపెనీలు కలిసి ఐసీసీ అనే సంఘం పెట్టి, ఏ యంత్రం రంగు ఎలా చూపిస్తుందో రాసిపెట్టే ప్రొఫైల్ పద్ధతికి ఒక రూపం ఇచ్చాయి. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనే ఉమ్మడి రంగుల పరిధి ప్రతిపాదించాయి. మన ల్యాబులు ఎక్కువగా అడిగేది ఈ ఎస్‌ఆర్‌జీబీ ఫైలే. ఫొటోగ్రాఫర్ కెమెరాలో అడోబ్ ఆర్‌జీబీ అనే మరో పరిధి పెట్టుకుని, మార్చకుండా అలాగే ఇచ్చేస్తే, ల్యాబ్ మిషను దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చదివేస్తే, రంగులన్నీ ఉతికి ఆరేసినట్టు వెలిసిపోతాయి. తప్పు ఇంకుది కాదు, చదువుకోవడంలోది.

పని ఎలా జరుగుతుందో చెబుతాను. కలరిమీటర్ అని అరచేతిలో ఇమిడే పరికరం ఒకటి ఉంటుంది. మానిటర్‌ని అరగంట వెలగనిచ్చి, ఆటో బ్రైట్‌నెస్, నైట్ లైట్ లాంటివన్నీ ఆపేసి, ఆ పరికరాన్ని తెరకి ఆనించి వేలాడదీయాలి. సాఫ్ట్‌వేర్ వరసగా రంగు గళ్లు చూపిస్తుంది, పరికరం కొలుస్తుంది. మొదట తెలుపు, వెలుగు, మధ్య ఛాయలు ఎంత వీలైతే అంత సరైన చోటికి తెస్తుంది. ఆ తర్వాత కూడా మిగిలిన తేడాల్ని ప్రొఫైల్‌లో రాసిపెడుతుంది. ఫొటో సాఫ్ట్‌వేర్ ఆ రాతలు చదివి తేడా సరిచేసి చూపిస్తుంది. ఆర్గిల్ సీఎంఎస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, పరికరం మాత్రం కొనుక్కోవాలి. "కంటితో చూసి సర్దుకోలేమా?" అని మీరు అడగొచ్చు. కన్ను గొప్పదే గానీ, కొలబద్దగా పనికిరాదు. పసుపు బల్బు కింద తెల్ల పంచెని తెల్లగానే చూపించే దయగల అవయవం అది. కొలవాల్సిన చోట ఆ దయే ఇబ్బంది.

అంకెలు కావాలా? తెలుపు 6500 కెల్విన్, మధ్య ఛాయల గామా 2.2, వెలుగు చదరపు మీటరుకి 80 నుంచి 120 క్యాండెలా. ఈ మూడింట్లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే వెలుగు గుర్తుపెట్టుకోండి. కొత్త మానిటర్ డబ్బాలోంచి తీయగానే దీనికి రెండింతలూ అంతకు మించీ వెలుగుతుంది. దాని ముందు కూర్చున్న డిజైనరు, ఫొటో మరీ వెలిగిపోతోందని తగ్గిస్తాడు. కాగితానికి సొంత వెలుగు లేదు గదా! ప్రింటు చీకటిగా పడుతుంది. "ప్రింట్లన్నీ నల్లగా వచ్చాయి" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ల్యాబ్‌లో లేదు, మానిటర్ బ్రైట్‌నెస్ బటన్ దగ్గరుంది. గది కూడా ముఖ్యమే. గులాబి రంగు గోడల మధ్య, కిటికీ ఎదురుగా కూర్చుని కలర్ కరెక్షన్ చేస్తే ఎంత ఖరీదైన పరికరం పెట్టినా ఫలితం ఉండదు.

ప్రింటరు దగ్గర కథ ఇంకాస్త చిక్కు. ప్రింటరు, ఇంకు, పేపరు మూడూ కలిస్తేనే ఒక ప్రొఫైల్. గ్లాసీకి చేసింది మ్యాట్‌కి పనికిరాదు. వందల గళ్ల చార్టు ముద్రించి, ఇంకు బాగా ఆరనిచ్చి, స్పెక్ట్రోఫొటోమీటర్‌తో ఒక్కో గడీ చదివిస్తే ఆ ప్రొఫైల్ తయారవుతుంది. ఇంట్లో ప్రింటరు పెట్టుకున్నవాళ్లు ఒక చోట జాగ్రత్తపడాలి. రంగుల సంగతి ఫొటోషాప్ చూసుకోవాలి, లేదా ప్రింటర్ డ్రైవర్ చూసుకోవాలి. ఇద్దరికీ అప్పగిస్తే ఇద్దరూ దిద్దుతారు, అందరి మొహాలూ వంకాయ రంగుకి తిరుగుతాయి.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. తెర చూపించే ప్రతి రంగూ కాగితం మీదికి రాదు. వెలిగిపోయే రాణి రంగు, రామచిలుక పచ్చ ఇంకుకి అందవు. అప్పుడు సాఫ్ట్‌వేర్‌కి రెండు దారులు. ఒకటి, రంగులన్నిటినీ కొద్దికొద్దిగా దగ్గరికి జరిపి వాటి మధ్య తేడాలు నిలబెట్టడం. రెండోది, అందేవాటిని ఉన్నచోటే ఉంచి, అందనివాటిని మాత్రం అంచుకి లాక్కురావడం. రెండోదాన్లో చీర మడతలు ఒక్కోసారి మొద్దుబారి ఒకే ముద్దలా అవుతాయి. కాగితం మీద ఎలా పడుతుందో ముద్రణకి ముందే తెర మీద చూపించే సాఫ్ట్ ప్రూఫ్ చూసుకునేది ఇందుకే.

ఇక చీర సంగతికొద్దాం. బట్టల షాపులో మన ఆడవాళ్లు చీర నచ్చాక ఏం చేస్తారు? భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లి పగటి వెలుగులో చూస్తారు. సేల్స్‌మన్ మొహం మాడ్చుకున్నా సరే. ఏ రంగుల శాస్త్రవేత్త అయినా ఆ పనికి నూటికి నూరు మార్కులు వేస్తాడు. ట్యూబ్‌లైటు కింద జోడీ కుదిరిన చీరా, జాకెట్టు గుడ్డా ఎండలో వేరుపడటానికి మెటామెరిజం అని పేరు. అందుకే ప్రింట్లు చూడటానికి 5000 కెల్విన్ వెలుగు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. పసుపు బల్బు కింద ఆల్బమ్ తెరిచి ల్యాబ్‌ని తిట్టడం న్యాయం కాదు.

నెమలికంఠం చీరయితే ఆ న్యాయమూ సరిపోదు. ధర్మవరం నేతగాళ్లు పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేస్తారు. మనిషి కదిలితే రంగు మారుతుంది. కదలని ఫొటోలో ఏదో ఒక కోణమే దొరుకుతుంది. అక్కడ ఏ క్యాలిబ్రేషనూ అక్కరకి రాదు. రిసెప్షన్ స్టేజీ మీద నీలం ఎల్‌ఈడీ లైట్లు గుమ్మరించినప్పుడూ అంతే. ఆ వెలుగులో లేని ఎరుపుని కెమెరా ఎక్కడినుంచి తెస్తుంది?

ఇంతసేపూ యంత్రాల తప్పులు చెప్పాను. ఇక మనది. ఆల్బమ్ ఆర్డరిచ్చేటప్పుడు మనం ఫొటోగ్రాఫర్‌తో అనే మాటలు రెండు. "చీర రంగు ఉన్నదున్నట్టు రావాలి." వెంటనే, "అమ్మాయి మొహం మాత్రం కొంచెం తెల్లగా చెయ్యండి." అంటే చీర నిజం కావాలి, మొహం అబద్ధం కావాలి! మొహం తెల్లబడాలని చర్మం రంగులోంచి పసుపూ ఎరుపూ తీసేస్తుంటే, అదే వరసలో ఉన్న పసుపు పారాణి, జరీ, బంతిపూలు కూడా పాలిపోతాయి. మొహం ఒక్కదాన్నే విడిగా తెల్లబరిస్తే మెడా చేతులూ వేరే మనిషివిలా మిగులుతాయి.

ఈ జబ్బు మనకి ఒక్కరికే అనుకోకండి. కొడాక్ తన ఉద్యోగిని షిర్లీ అనే తెల్లజాతి స్త్రీ ఫొటో ఉన్న కార్డుని ల్యాబులకి పంపేది. ఆవిడ మొహం బాగా వస్తే మిషను బాగున్నట్టే లెక్క. నల్లటి మొహాలు ఆ లెక్కలోకి రాలేదు. చాక్లెట్లు, చెక్క సామాను అమ్మేవాళ్లు తమ గోధుమరంగులు సరిగా రావడంలేదని మొరపెట్టుకున్నాకే ముదురు ఛాయల మీద గట్టిగా దృష్టి పెట్టారని ఆ సంస్థలో పనిచేసినవాళ్లే తర్వాత చెప్పారు. 1976లో వచ్చిన మాక్బెత్ కలర్‌చెకర్ కార్డు నయం. దాని 24 గళ్లలో మొట్టమొదటి గడి నల్లటి చర్మం రంగుదే. ముహూర్తం ముందు ఆ కార్డు పట్టుకుని ఒక్క ఫొటో తీయించుకుంటే తర్వాతి కరెక్షన్ అంతా సులువు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరి పెళ్లయినా ఉంటే ఫొటోగ్రాఫర్‌ని మూడు ప్రశ్నలు అడగండి. మీ మానిటర్ చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారు? ల్యాబ్ ఇచ్చిన ప్రొఫైల్‌తో చూసుకుంటున్నారా? ఆల్బమ్ మొత్తం వేసేముందు ఒక్క పేజీ ప్రింటు తీసి చూపిస్తారా? నెలకోసారి క్యాలిబ్రేట్ చేస్తానని ఆయనంటే అడ్వాన్సు ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు మాత్రం మొహం తెల్లగా చెయ్యమని అనకండి. మన అమ్మాయిల చామనఛాయకి ఏ కరెక్షనూ అక్కర్లేదు.