మిర్చి యార్డు నుంచి నాపరాతి గుట్టల దాకా

ఆంధ్రప్రదేశ్ చూడాలని ఎవరైనా అడిగితే మనవాళ్లు చెప్పే దారి ఒక్కటే. ఇచ్ఛాపురం దగ్గర బండెక్కి తడ దాకా కిటికీ పక్కన కూర్చోమంటారు. వరి పొలాలు, రొయ్యల చెరువులు, గోదావరి వంతెన, కృష్ణా బరాజు, ఓడరేవుల బోర్డులు అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. క్యాలెండరు మీద అచ్చేసుకునే రాష్ట్రం అది. మరి ఈ రాష్ట్రాన్ని నిలువుగా కాక అడ్డంగా దాటితే ఏం కనిపిస్తుందో చూద్దామని 2023 ఫిబ్రవరిలో గుంటూరు–గుంతకల్లు లైను పట్టుకున్నాను. దాదాపు 400 కిలోమీటర్ల దారి. రాత్రి బండిలో పడుకుంటే తెల్లారేసరికి అవతల ఉంటాం. నేను పగటి బండ్లే ఎక్కి, నచ్చిన చోటల్లా దిగుతూ పోయాను.

బండెక్కే ముందు గుంటూరు మిర్చి యార్డు చూడకపోతే ప్రయాణానికి అర్థం ఉండదు. ఆసియాలోనే అతి పెద్ద మిర్చి మార్కెట్ అని దానికి పేరు. ఫిబ్రవరి అంటే సరుకు ఊపందుకునే నెల. గేటు ఇంకా కనపడకముందే తుమ్ములు మొదలవుతాయి. లోపల సందు సందుకీ టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మనిషెత్తున పేర్చి ఉన్నాయి. కొనుగోలుదారు ఒకాయన బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, అడుగున ఉన్న కాయలు గుప్పెడు పైకి తీశాడు. పైన ఉన్నవి చూసి మోసపోయే రకం కాదు. ఒక కాయ విరిచి, గింజల రంగు చూసి, అరచేతిలో గలగలలాడించి తేమ తేల్చుకున్నాడు. తెల్లబారిన తాలు కాయలు నాలుగు ఏరి పక్కన పడేశాడు. ఆ నాలుగు కాయల మీదే క్వింటాలు ధర దిగిపోతుంది. తేజ సన్నగా, నిగనిగలాడుతూ కారం పుట్టిస్తుంది. బాడిగ ముడతలు పడి ఉంటుంది. దానికి రంగెక్కువ, కారం తక్కువ. ఎవరికి ఏది కావాలో కమీషన్ కొట్టు గుమాస్తాకి నోటికి వచ్చు.

బస్తాల మీద కూర్చుని ధర కోసం ఎదురు చూస్తున్న రైతుని పలకరించాను. "ఎకరాకి ఎంత పెట్టావు బాబాయ్?"

"ఆ లెక్క బయట చెప్తే మా ఆడాళ్లు ఇంట్లోకి రానివ్వరయ్యా" అని నవ్వాడు. "నిరుడు నల్లతామర పురుగు పూతంతా తినేసింది. చేను దున్నేశా. ఈ ఏడు రేటు బాగుంది కాబట్టి తెచ్చా. లేకపోతే ఏసీలో పెట్టి కూర్చునేవాణ్ణి."

ఏసీ అంటే ఆయన లెక్కలో చలువ గది కాదు, కోల్డ్ స్టోరేజీ. గుంటూరు చుట్టూ అవి వందకు పైగా ఉన్నాయి. వాటి ముందు షెడ్లలో ముఖానికి చీర కొంగు చుట్టుకుని తొడిమలు తీసే ఆడకూలీలు ఈ వ్యాపారానికి పునాది. ఎగుమతుల లెక్కల్లో మాత్రం వాళ్ల ఊసు రాదు.

నరసరావుపేట దాకా రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఈ ఊరు ఇప్పుడు జిల్లా కేంద్రం. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. లోక్‌సభ స్థానానికో జిల్లా అన్నది లెక్క. 25 స్థానాల్లో అరకు మరీ పెద్దది కనుక దాన్ని రెండు చేశారు. అలా పల్నాడు పేరు నలగాముడి, బ్రహ్మనాయుడి కథల్లోంచి ప్రభుత్వ స్టాంపు మీదికి ఎక్కింది. పేరు మారింది గానీ ఊళ్ల బతుకు నడిపేది ఇక్కడ ఇంకా నాగార్జున సాగర్ కుడి కాలువే. 1967లో కాలువకి నీళ్లు వదిలినప్పటి నుంచి పల్నాటి మెట్ట పొలాల దశ తిరిగింది. ఒక ఊరి పేరు చెప్పగానే అది కాలువ కింద ఉందా, పైన ఉందా అని ఇక్కడివాళ్లు వెంటనే అడుగుతారు. పిల్లనిచ్చేటప్పుడు కూడా అదే ప్రశ్న అని ఎదుటి సీటు పెద్దమనిషి చెప్పాడు.

వినుకొండ, కురిచేడు దాటాక ఆ ప్రశ్నకి జవాబు కిటికీలోంచే దొరుకుతుంది. పచ్చదనం ఎవరో గీత గీసినట్టు ఆగిపోతుంది. ఆ తర్వాత కంది మోళ్లు, తుమ్మ చెట్లు, గొర్రెల మందలు. అక్కడక్కడా ఒక బోరు, దాని కింద నాలుగు మడులు. దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల మైదానం ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు రాజధాని ఇక్కడే వస్తుందని పుకారు లేచి, ఈ పొలాలకి రాత్రికి రాత్రి రెక్కలొచ్చాయి. రాజధాని రాలేదు. ధరలు మాత్రం ఒకసారి ఎగిరి పడ్డాయి.

నేను ఎక్కువసేపు ఆగింది మార్కాపురంలో. మన చిన్నప్పటి పలక పుట్టిల్లు ఇదే. ఊరి బయట ఒక కార్ఖానాలో అరపూట కూర్చున్నాను. గనిలోంచి వచ్చిన రాయి చూడ్డానికి మామూలు బండలాగే ఉంటుంది. పనివాడు దాన్ని పక్కకి నిలబెట్టి, ఉలి అంచుని సన్నటి గీత మీద ఆనించి, సుత్తితో తేలిగ్గా తట్టాడు. గట్టిగా కొట్టలేదు. రెండు మూడు చోట్ల అలా తట్టగానే రాయి పొర పొరగా విచ్చుకుంది. ఒక్కో పొర అరటి ఆకంత నున్నగా ఊడి వచ్చింది. దాన్ని కొలతకి కోసి, అరగదీసి, చెక్క ఫ్రేము బిగిస్తే పలక. అరగదీసే చోట దుమ్ము చూస్తే మాత్రం ఈ పని చెయ్యబుద్ధి కాదు. ముక్కుకి కట్టుకున్న గుడ్డ కూడా రాతి రంగుకి తిరిగింది. పలక రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే పోయేది కాదని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసీ పనికి వస్తారు, ఎందుకంటే పొలం తడవదు.

"పలక ఎవరడుగుతున్నారు సార్ ఇప్పుడు? అక్షరాభ్యాసానికి ఒకటి కొంటారు, ఆనక సెల్‌ఫోనే కదా" అన్నాడు కార్ఖానా యజమాని. ఒకప్పుడు ఇక్కడి పలకలు ఓడలెక్కి విదేశాలకి పోయేవి. నోటు పుస్తకం, ప్లాస్టిక్ పలక వచ్చి ఆ గిరాకీని దెబ్బకొట్టాయి. ఇప్పుడు అదే రాతిని గోడలకి అతికించే డిజైన్ రాళ్లుగా కోసి పైదేశాలకి పంపుతున్నారు. ఒక వ్యాపారం పడిపోతే అదే రాయితో ఇంకో వ్యాపారం నిలబెట్టిన ఊరు ఇది. వెనకబడిన ప్రాంతం అని ఒక్క ముక్కలో తేల్చేసే వాళ్లు ఈ కార్ఖానాలు చూసి మాట్లాడాలి.

వెనకబాటు లేదని కాదు. హోటల్లో గ్లాసు నీళ్లు పెట్టబోతూ కుర్రాడు "క్యాన్ నీళ్లేనన్నా, భయం లేదు" అని ముందే చెప్పాడు. ఈ పడమటి మండలాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగడానికి కొనాలి, తడపడానికి దేవుడు కరుణించాలి. 2023లో కలెక్టరు కచేరీ పని పడితే దాదాపు వంద కిలోమీటర్ల అవతల ఒంగోలు వెళ్లాల్సి వచ్చేది. మార్కాపురం, కంభం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లావి. ఆ ఏడాది ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల్లోంచి కొన్ని తాలూకాలు తీసి ఒంగోలు జిల్లా చేశారు; 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. కోస్తా వాళ్లకి వీళ్లు సీమ వాళ్లు, సీమ వాళ్లకి వీళ్లు కోస్తా వాళ్లు. రెండు పక్కలా పంక్తిలో విస్తరి పడలేదు. 2022 విభజనలోనూ మాకు జిల్లా ఇవ్వలేదని, నేను వెళ్లినప్పుడు టీ కొట్టు దగ్గర నుంచి గుడి మెట్ల దాకా అదే మాట.

జిల్లా కన్నా పెద్ద ఆశ ఇంకొకటి ఉంది. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయం వెనక కొల్లంవాగు దగ్గర నుంచి నల్లమల కొండ కింద రెండు సొరంగాలు, ఒక్కోటి 18 కిలోమీటర్లకు పైనే. వరద రోజుల్లో కృష్ణ నీళ్లు తెచ్చి, కొండల మధ్య సందులు మూసి కట్టిన నల్లమల సాగర్‌లో నింపుతారు. ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4 లక్షల 47 వేల ఎకరాలు తడవాలి. శంకుస్థాపన 1996లో. మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో అయింది, రెండోది 2024 జనవరిలో. ఆ తర్వాత కూడా కాలువ పనులు, ముంపు ఊళ్ల పునరావాసం మిగిలాయి. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలకి పెళ్లిళ్లయి పిల్లలు పుట్టారు.

కంభంలో దిగి చెరువు గట్టెక్కితే దీనికి విరుగుడులాంటి దృశ్యం. రెండు కొండల మధ్య గుండ్లకమ్మని ఆపి విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువు ఇది. కట్టించింది గజపతి రాజు కూతురు, శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ అని చెబుతారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. కట్టకి ఈ పక్క నీళ్లు, ఆ పక్క వరి. అయిదు వందల ఏళ్ల కిందటి పని ఇంకా అన్నం పెడుతూనే ఉంది.

గిద్దలూరు తర్వాత నల్లమల. దిగువమెట్ట, చలమ, గాజులపల్లి అని అడవి స్టేషన్లు. బండి వంపులు తిరుగుతూ, సొరంగంలో దూరి, ఊపిరి పీల్చుకున్నట్టు బయటపడుతుంది. ఈ దారి 19వ శతాబ్దం చివర మీటర్ గేజ్‌గా వేసింది. 1990లలో బ్రాడ్‌గేజ్ చేసినప్పుడు పాత దారిలోని దొరబావి వంతెన అడవికి మిగిలిపోయింది. చుట్టూ పులుల అభయారణ్యం, చెంచుల పెంటలు, అంటే గూడేలు. తేనె, బంక లాంటివి గిరిజన సహకార సంస్థ కొంటుంది. ఈ అడవి గురించి కిటికీలోంచి చూసి ఇంతకన్నా రాయడం తగదు.

కొండ దిగగానే నేల నల్లబడుతుంది. నంద్యాల. నల్లమలకీ ఎర్రమలకీ మధ్య కుందూ నది పారే లోయ ఇది. స్టేషన్ బయట ఆటో స్టాండులో భాష కూడా మారింది. "యాడికి పోవాల సామీ?" అనడిగాడు ఆటో అతను. విత్తనాల కొట్లే వీధులకి వీధులున్నాయి. నరసింహ అనే పత్తి రకం పుట్టింది ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనే. హైదరాబాదు కిరాణా కొట్లో కర్నూలు సోనా అని కొనే బియ్యానికి ఈ లోయతో చుట్టరికం ఉంది. అంతటికీ మూలం కర్నూలు–కడప కాలువ. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ పొలాలు తడిపి, పడవలు నడిపి లాభం తీద్దామని సుంకేసుల నుంచి కడప దాకా ఈ కాలువ తవ్వించింది. 306 కిలోమీటర్లు. లాభం రాలేదు. 1882లో ప్రభుత్వం కొనేసింది. కంపెనీకి నష్టం, నంద్యాలకి నూటయాభై ఏళ్ల లాభం.

బేతంచెర్ల చేరేసరికి మళ్లీ రాయే. మన ఇళ్లలో అరుగుల కింద, వంటింటి గట్టు కింద పరిచిన నాపరాయి చాలామటుకు ఈ చుట్టుపక్కలదే. పాలిష్ కార్ఖానాల్లో రంపం కింద నీళ్లు ధారగా పోస్తూ కోస్తారు కాబట్టి మార్కాపురమంత దుమ్ము లేవదు. ఆ నీళ్లతో వచ్చే తెల్లటి బురద మాత్రం ఊరి చుట్టూ గుట్టలు గుట్టలుగా ఎండి ఉంది. గాలి వీస్తే అదే దుమ్ము. టైల్స్ వచ్చాక గిరాకీ తగ్గిందని ఇక్కడా అదే పాట. డోన్ తర్వాత చెప్పుకోడానికి పెద్దగా లేదు: ఎర్ర నేల, వేరుసెనగ, తుగ్గలి దగ్గర తొలకరి వానలకి పొలాల్లో వజ్రాలు వెతికే జనం కథలు, ఆపైన గుంతకల్లు జంక్షన్ రద్దీ.

మొత్తం దారిలో నాకు తేలింది ఒకటే. ఈ రాష్ట్రంలో జిల్లా గీత ఎక్కడ గీసినా ఊరి తలరాత రాసేది కాలువ గట్టే. నల్లమలకి పడమర నంద్యాలకి అది నూటయాభై ఏళ్ల కిందట వచ్చింది, తూర్పున మార్కాపురం ఇంకా కొండ వైపు చూస్తూ కూర్చుంది. కలెక్టరు కచేరీ కన్నా ముందు ఇవ్వాల్సింది వాళ్లకి ఆ నీళ్లే.

ఈ లైను మీద పోయేవాళ్లు పగటి బండే ఎక్కండి. గిద్దలూరు దాటాక కిటికీ మూయకండి. మార్కాపురంలో ఒక పూట దిగి, ఇంట్లో అయిదేళ్ల పిల్లలుంటే ఒక రాతి పలక కొనుక్కెళ్లండి. ధర బేరం ఆడకండి.