ఎర్ర మిర్చిలో ఎర్రచీర!

సినిమాలో హీరో ఎవరని అడిగితే ఠక్కున చెబుతారు మీరు. ఆ హీరో నిలబడ్డ గది గోడకి రంగేమిటని అడిగితే మాత్రం తల గోక్కుంటారు. తప్పు మీది కాదు లెండి. మీ చూపు గోడ మీదికి పోకుండా మనిషి మీదే నిలవాలనే కదా ఆర్ట్ డైరెక్టర్ అంత తంటాలు పడేది! మామూలు సినిమాకైతే ఎక్కడో ఓ గోడ దొరుకుతుంది. బొమ్మల సినిమా, అదేనండీ, యానిమేషన్ సంగతి వేరు. గోడా గియ్యాలి, మనిషినీ గియ్యాలి. గియ్యనిదేదీ తెరమీద వుండదు.

ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది మార్టూరులో. చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు పోయే హైవే మీద వుంటుందా వూరు. ఒకపక్క గ్రానైట్ పలకలు కోసే ఫ్యాక్టరీలు, ఇంకోపక్క పత్తి చేలు, మిరప చేలు. మా అక్కయ్యవాళ్లు అక్కడే వుంటారు. వాళ్లబ్బాయి హైదరాబాదులో యానిమేషన్ చదువుతున్నాడు. ఆఖరి సంవత్సరం ఐదుగురు కలిసి నాలుగు నిమిషాల సినిమా తీసి చూపించాలి. "మావయ్యా, కథ నువ్వే రాయాలి" అన్నాడు. రాశాను. మిరపకోతకి వచ్చిన ఓ తల్లి ఎర్రరాయి ముక్కుపుడక కల్లంలో పోగొట్టుకుని, తెల్లవార్లూ ఆ మిరపరాశిలో వెతుక్కోవడం. అంతే కథ!

నాలుగు నిమిషాలే కదా అనుకోకండి. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేముల పాటు నిలిపినా సెకనుకి 12 బొమ్మలు. మొత్తం 2,880! కంప్యూటరు కొంత చాకిరీ తగ్గిస్తుందిగానీ, ఆ తల్లి ముఖం ఎలా వుండాలో అది చెప్పదు కదా. పైగా చేతులు ఐదు జతలు. ఒకడు గీస్తే కోలముఖం, ఇంకొకడు గీస్తే గుండ్రటి ముఖం! అందుకే ముందుగా 'మోడల్ షీట్' తయారు చేస్తారు. ఒకే మనిషిని ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి గీసి గోడకి అంటిస్తారు. ఎత్తుని తలల్లో కొలుస్తారు. "అమ్మ ఐదున్నర తలలు" అని తేల్చారు మావాళ్లు. ఇక ఎవరు గీసినా అంతే!

శివరాత్రి ముందు పదిరోజులు అక్కయ్య ఇంట్లో మకాం వేశారు. మొదటిరోజు బ్యాక్‌గ్రౌండ్లు చూపించారు. కొబ్బరిచెట్లు, కాలవ, కాలవలో పడవ!

"ఇదెక్కడి వూర్రా?" అన్నాను.

"పల్లెటూరు మావయ్యా!"

వాళ్లననేం లాభం? 'మూగమనసులు' (1964), 'అందాల రాముడు' (1973) చూసిన మనందరికీ పల్లెటూరంటే గోదావరే. అందమైనదే, కాదనను. కానీ మిరపచేలో కొబ్బరిచెట్టు ఎందుకుంటుంది? మర్నాడు పొద్దున్నే పుస్తకాలూ పెన్సిళ్లూ పట్టుకుని చేలల్లో పడ్డారు. నెర్రెలిచ్చిన నల్లరేగడి, తుమ్మచెట్లు, గ్రానైట్ దుమ్ము పట్టి తెల్లబడ్డ వేపాకులు, కల్లం అంచున మడిచి పెట్టిన టార్పాలిన్ పట్టాలు. ఘాటుకి తుమ్ముతూనే గీశారు పాపం!

అసలు చిక్కు ఆ సాయంత్రం వచ్చింది. అమ్మకి ఎర్రచీర కట్టారు. కల్లం బొమ్మ మీద పెట్టారు. ఇంకేముంది... అమ్మ మాయం! ఎర్రటి రాశిలో ఎర్రటి చీర కలిసిపోయి తల ఒక్కటే తేలుతోంది.

తోలుబొమ్మలాట వాళ్లకి ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. తెల్లటి తెర, వెనక దీపం, మధ్యలో బొమ్మ. మనిషి ఆకారం తెరమీద ఎక్కడా కలిసిపోదు. రంగు తీసేసి ఒట్టి నీడ చూపించినా పదితలల రావణుణ్ణి పసివాడు కూడా గుర్తుపడతాడు. జర్మనీలో లోటె రైనిగర్ అనే ఆవిడ 1926లో నల్లకాగితం కత్తిరించిన నీడబొమ్మలతోనే పూర్తి నిడివి సినిమా తీసేసింది. మన 'మాయాబజార్' (1957) కళాదర్శకుల్లో ఒకరైన మా. గోఖలే, గుంటూరు జిల్లావాడే, పాత్రల రూపాలు ముందు కాగితం మీద గీసుకునేవాడు. ఘటోత్కచుడు దూరాన నిలబడినా ఘటోత్కచుడేనని తెలిసిపోవడం వూరికే జరగలేదు.

సరే, మావాళ్ల తగువు రాత్రి పదింటిదాకా సాగింది. చీర నీలం చేద్దామని ఒకడు. మిర్చి రంగు తగ్గిద్దామని ఇంకొకడు. "తగ్గిస్తే అది గుంటూరు మిర్చి ఎందుకవుతుందిరా?" అని మావాడు.

అంతసేపూ నోరు విప్పని అమ్మాయి ఒకతె వుంది. చిలకలూరిపేట అవతల పల్లె వాళ్లది.

"చీర మీద చొక్కా వెయ్యండి. మగవాళ్ల పాత ఫుల్‌చేతుల చొక్కా" అంది.

"ఎందుకూ?"

"కాయ కోసేటప్పుడు చేతులు గీసుకుపోకుండా, మండకుండా. మా అమ్మ మా నాన్న చొక్కా వేసుకుంటుంది."

మూడేళ్లు ఒకే క్లాసులో కూర్చున్న నలుగురికీ ఆ పిల్ల తల్లి ఏం పని చేస్తుందో అప్పటిదాకా తెలియదు. ఆ పిల్ల చెప్పలేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మావాడు తను గీస్తున్న టాబ్లెట్‌ని ఆ అమ్మాయి ముందుకు జరిపాడు. అప్పట్నుంచీ అమ్మ పాత్ర బాధ్యత ఆమెదే.

వెలిసిన నీలంచొక్కా వేసేసరికి ఎరుపులోంచి మనిషి లేచి నిలబడింది! వేళ్లు దాటిపోయే పొడుగు చేతులు, మాటిమాటికీ వాటిని పైకి లాక్కోవడం... ఒక నడక వచ్చేసింది. భర్త గురించి నేను రాసిన రెండు డైలాగులూ కొట్టేశాను. చొక్కా ఆ పని చేసేసిందిగా!

చివరి రోజు ఆ అమ్మాయి తల్లిని పిలిపించింది. అందరిముందూ "మా అమ్మ" అని పరిచయం చేసింది. ఆవిడ బొమ్మని తిప్పితిప్పి చూసి, "మోచెయ్యి కాడ అతుకేదే?" అంది. మోడల్ షీట్ మళ్లీ గీశారు, అతుకుతో సహా.

మీలో బొమ్మలు వేసేవాళ్లుంటారు. చేతిలో సెల్‌ఫోనూ వుంది, అందులో బొమ్మలు కదిలించే సాధనాలూ వున్నాయి. వేరేవాళ్ల వూరు గియ్యడం తేలిక, ఎవరో గీసి పెట్టారు కనక. మీ వూరు మాత్రం మీ కోసమే మిగిలి వుంది. మీ అమ్మ పనిలోకి వెళ్లేటప్పుడు ఏం వేసుకుంటుందో ఒకసారి చూసి, గీసి చూడండి!