నీకెందఱు తండ్రులు?



మన పాఠశాల వార్షిక సంచికకు పూర్వవిద్యార్థిగా నొక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకులు కోరగా, ఏ విషయము నెన్నుకొందునా యని రెండు దినములు ఆలోచించితిని. మహాపురుషుల చరిత్రలును, దేశాటన వృత్తాంతములును వ్రాయువారు పలువురు కలరు. నేను ఆంగ్లభాష బోధించి జీవించువాడను. కావున ఆ భాషలోని మిక్కిలి చిన్న మాటలలో నొకటియైన ‘దే’ యను సర్వనామమును గుఱించి వ్రాయ నిశ్చయించుకొంటిని. మాట చిన్నదే. కాని అది నన్నొక దినమున నలువదిమంది యెదుట తలవంచుకొనునట్లు చేసినది.

అది 2003 వ సంవత్సరపు వేసవి. పదవతరగతి పరీక్షలు వ్రాసి నేను ఇంట నుంటిని. మా కాపురము పంజాగుట్టలో; మా తండ్రిగారు అచ్చటనే యొక సందులో దర్జీపని చేయుచుండిరి. ఆంగ్లము మాటలాడ నేర్చినగాని ఈ నగరమున బ్రతుకు తెరువు లేదని యెవరో వారికి చెప్పిరి. పెండ్లిండ్ల కాలమున రాత్రులు మేలుకొని కుట్టిన డబ్బుతో నన్ను అమీర్‌పేటలోని యొక శిక్షణాలయమున చేర్పించిరి.

అమీర్‌పేటను చూచినవారికి దానిని వర్ణింప నక్కఱలేదు. మైత్రీవనము చుట్టును ఏ గోడను చూచినను ప్రకటన పత్రములే. జావా నేర్పుదుమని యొకటి, ఒరాకిల్ నేర్పుదుమని యొకటి, నెల దినములలో ఆంగ్లము ధారాళముగా మాటలాడింతుమని మఱియొకటి. జిల్లాల నుండి వచ్చిన యువకులు హాస్టలు గదులలో నలుగురైదుగురుగా నుండి, జిరాక్సు కాగితములు చేతబట్టి ఉదయము మొదలు రాత్రి వఱకు ఒక తరగతి నుండి మఱియొక తరగతికి పరుగిడుచుందురు. నాడు మెట్రో రైలు లేదు. 2017 నవంబరులో అమీర్‌పేటకును, 2018 సెప్టెంబరులో పంజాగుట్టకును ఆ రైలు వచ్చినది. నేను ప్రతిదినము పంజాగుట్ట నుండి నడచియే పోవుచుంటిని.

రెండవ వారమున ఉపాధ్యాయుడు, ఎవరి తండ్రిని గుఱించి వారు ఐదు వాక్యములు చెప్పుడని యాజ్ఞాపించెను. నేను ముందునాటి రాత్రియే వాక్యములు కూర్చుకొని కంఠస్థము చేసితిని. నా వంతు రాగానే లేచి, ‘మై ఫాదర్ ఈజ్ ఎ టైలర్. దే వేక్ అప్ ఎట్ ఫైవ్. దే వర్క్ వెరీ హార్డ్’ అంటిని. ఉపాధ్యాయుడు చేయి యెత్తి నన్నాపి, తెలుగులో, ‘నీకెందఱు తండ్రులు?’ అని యడిగెను.

తరగతి యంతయు ఘొల్లున నవ్వెను. చదువరులారా, మన దేశమున ఆ ప్రశ్న లెక్కలకు సంబంధించినది కాదని మీకు తెలియును. అది తల్లికి తగులు మాట. ఉపాధ్యాయుడు అంత దూర మాలోచించి యుండడు, నవ్వించుటకే యనియుండును. నల్లబల్లపై ‘దే’ కొట్టివేసి ‘హీ’ అని వ్రాసెను. ఎందులకు కొట్టివేసెనో మాత్రము చెప్పలేదు. నేను తక్కిన రెండు వాక్యములు చెప్పకయే కూరుచుంటిని.

ఆ సాయంకాలము ఇంటికి పోక తిన్నగా మా తండ్రిగారి దుకాణమునకు పోతిని. మా యింట తండ్రిని ఏకవచనమున పేర్కొనుట లేదు. ‘నాయనగారు వచ్చిరి, వారికి మంచినీళ్లిమ్ము’ అని మా తల్లిగారు మాకు మాటలు వచ్చిననాటి నుండియు నేర్పిరి. ఆ ‘వారు’ అను మాటనే నేను ఆంగ్లమున ‘దే’ యంటిని. ఇప్పుడు ‘హీ’ యనవలెనట. ‘హీ’ యనగా ‘వాడు’ కదా యని నా బాధ. తరగతిలో వినిన ప్రశ్నను దాచి, ఈ సంగతి మాత్రము వారితో చెప్పితిని.

వారు కత్తెర ప్రక్కన పెట్టి కొంతసేపు ఆలోచించి, ‘మఱి వారి రాజును ఏమందురు?’ అని యడిగిరి.

‘హీ యనియే’ అంటిని.

‘వారి దొరను?’

‘హీ యనియే.’

‘రాజునకును దర్జీకిని ఒకటే మాటయా! అయినచో నాకేమి నష్టము నాయనా? నష్టమంతయు వారి రాజునకే’ అని నవ్వి, మరల కత్తెర చేతబట్టిరి.

బల్లపై కత్తిరించిన చొక్కాల ముక్కలు కట్టలుగా నుండెను. ప్రతి కట్టకును బిల్లు సంఖ్య వ్రాసిన చీటి కుట్టియుండెను. చేతిగుడ్డ విడిగా నున్నపుడు అది యే చొక్కాదో చీటి చూచినగాని తెలియదు. ఒకరి చేయి మఱియొకరి చొక్కాకు కుట్టినచో ఇరువురి గుడ్డయు చెడును. సర్వనామమును అట్టిదే. అది యే నామమునకు బదులుగా వచ్చినదో ఆ నామమును ఆంగ్లవ్యాకర్తలు ‘యాంటిసిడెంటు’ అందురు. దానితో సర్వనామమునకు మూడు కొలతలు సరిపోవలెను: వచనము, లింగము, పురుషము. నాకు ఆ నియమము మొదట తెలిసినది ఆ బల్ల యొద్దనే.

తరువాత నేను ఆంగ్లమును, తెలుగును శ్రద్ధగా పోల్చి చదివితిని. 1858 లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమును తెఱచినపుడు నా తప్పునకు వంశవృక్షము దొరకినట్లయినది. మన భాషలో పురుషవాచకములు మహత్తులు. స్త్రీవాచకములు ఏకవచనమున అమహత్తులతోను, బహువచనమున మహత్తులతోను చేరును. ‘ఆమె వచ్చినది’, ‘బండి వచ్చినది’ అనుచోట్ల క్రియ యొక్కటే. బహువచనమున ‘పురుషులు వచ్చిరి’, ‘స్త్రీలు వచ్చిరి’ అని యొకటై, ‘బండ్లు వచ్చినవి’ అని వేఱగును. ఆంగ్లమున ఇందుకు భిన్నము. అచ్చట ఏకవచనమున ‘హీ, షీ, ఇట్’ అని మూడు దారులు. బహువచనమున మనుష్యులకును, బండ్లకును ఒక్క ‘దే’ యే. ఇక గౌరవార్థమున ఒక్కనినే బహువచనమున పిలుచు మర్యాద వారి ప్రథమపురుషమున లేదు. ఎదుటివానిని పిలుచునపుడు మాత్రము ఆ మర్యాద యొకప్పుడు ఉండెడిది. ‘దౌ’ అనునది ఏకవచనము, ‘యూ’ అనునది బహువచనము. గౌరవమునకై ఒక్కనిని ‘యూ’ అనసాగి, కాలక్రమమున అందఱికిని ఆ మాటనే వాడిరి. అనగా నేను తండ్రిగారి విషయమున చేసిన పనినే ఆంగ్లేయులు తమ యెదుటివారి విషయమున ఎన్నడో చేసిరి.

మఱియొక విశేషము. ‘గోపాలుడు రాఘవునితో తన గడియారము పోయినదని చెప్పెను’ అన్నచో పోయినది గోపాలునిదే యని తెలుగువానికి సందేహము లేదు. ఆంగ్లమున ‘హిజ్ వాచ్’ అన్నచో అది యెవరిదో తేలదు. అట్టి చోట సర్వనామమును విడిచి పేరునే మరల వ్రాయవలెను. మన ‘తాను’ ఎంత విలువగలదో ఆంగ్లము నేర్చినపుడే నాకు తెలిసినది.

పరీక్షలకు పోవు విద్యార్థులకు కొన్ని మాటలు. ‘ఈచ్, ఎవ్రీ, నైదర్’ అను మాటలు పెక్కుమందిని స్ఫురింపజేసినను ఏకవచనములే. ‘ఈచ్ ఆఫ్ ది గర్ల్స్ బ్రాట్ హర్ బుక్’ అనవలెను. ‘ఆర్, నార్’ అనువానితో రెండు నామములు కలిసినపుడు సర్వనామము సామాన్యముగా దగ్గఱి నామము ననుసరించును. ‘కమిటీ’ ఒక్కటిగా నిర్ణయించినపుడు ‘ఇట్’. అందలి సభ్యులు భేదపడినపుడు ‘దే’.

అయితే ‘ఎవ్రీవన్’ అన్న పిదప ‘హిజ్’ అనవలెనా, ‘హర్’ అనవలెనా? ఇది వ్యాకర్తలను చిరకాలము బాధించిన ప్రశ్న. 1850 లో బ్రిటిషు పార్లమెంటు, చట్టములలోని పుంలింగ పదములు స్త్రీలకును వర్తించునని శాసించెను. మన దేశపు 1897 వ సంవత్సరపు జనరల్ క్లాజెస్ యాక్టులోను అట్టి నియమమే కలదు. కాని జనులు మాత్రము 14 వ శతాబ్దము నుండియు అట్టి తావుల ‘దే’ యనుచునే యుండిరి. 18 వ శతాబ్దపు వ్యాకర్తలు అది తప్పనిరి. 2019 లో అమెరికాలోని మెరియం వెబ్‌స్టర్ నిఘంటువువారు ‘దే’ నే ఆ సంవత్సరపు పదముగా నెన్నుకొనిరి. ఎవరో తెలియని ఒక్కనికిని, తన్ను ‘హీ’ యనియు ‘షీ’ యనియు పిలువవలదని కోరువారికిని నేడు ‘దే’ యనుట దోషము కాదు. మా తండ్రిగారికి మాత్రము నేటికిని ‘హీ’ యే.

ఇప్పుడు నేనును అమీర్‌పేటలోనే బోధించుచున్నాను. కొలది కాలము క్రిందట తూర్పుగోదావరి ప్రాంతమునుండి వచ్చిన యొక బాలిక తన తాతగారిని గుఱించి చెప్పుచు ‘దే’ యనెను. వెనుక బల్లలవారు నవ్విరి. నాకు 2003 జ్ఞప్తికి వచ్చి ఒడలు జల్లుమనెను. ‘అమ్మా, ఆ వాక్యమునే తెలుగున చెప్పుము’ అంటిని. ‘మా తాతగారు తెల్లవారుజామున లేతురు; వారు పొలమునకు పోవుదురు’ అని యామె చెప్పెను. నవ్వినవారిని చూచి, ‘ఈమె చెప్పిన తెలుగులో తప్పున్నదా?’ అని యడిగితిని. ఎవరును పలుకలేదు. అప్పుడు బల్లపై రెండు భాషల వాక్యములు ప్రక్కప్రక్కన వ్రాసి, ఒక భాషలోని మర్యాద మఱియొక భాషలో ఎట్లు తప్పగునో వివరించితిని. ఆంగ్లేయుడు తాతగారిని గౌరవించును. కాని ఆ గౌరవమును సర్వనామమున నుంచడు, వారిని గుఱించి చెప్పు మాటలలో నుంచును. ఆ బాలిక ‘హీ’ యని దిద్దుకొని, ఐదు వాక్యములును పూర్తిచేసి కూరుచుండెను. నాడు నేను చెప్పలేకపోయిన రెండు వాక్యములు ఆమె చెప్పినట్లు నాకు తోచెను.

విద్యార్థులారా, సర్వనామమునకు వెనుక నామ మున్నట్లే, తప్పునకు వెనుకను ఒక కారణ ముండును. దానిని వెదకకయే నవ్వుట సులభము. వెదకి దిద్దుట ఉపాధ్యాయుని పని, మిత్రుని పని. మా తండ్రిగారు చూపు మందగించి కుట్టుపని మానిరి. వారిని గుఱించి ఆంగ్లమున వ్రాయునపుడు నేను ‘హీ’ యని సంకోచము లేక వ్రాయుదును. తెలుగున మాత్రము వారు నాకు ఎప్పటికిని ‘వారే’.