వ్యోమనౌకల పుట్టిల్లు

కళ్లు తప్ప ఇంకేమీ కనిపించకుండా తల నుంచి కాళ్ల దాకా తెల్లటి దుస్తులు. ముఖానికి మాస్కు, చేతులకు గ్లవుజులు. గ్యాలరీ అద్దంలోంచి చూస్తే ఆపరేషన్ థియేటరేమో అనిపిస్తుంది. కానీ అక్కడ మధ్యలో ఉండేది రోగి కాదు... వ్యోమనౌక!

అమెరికాలో, కాలిఫోర్నియాలోని పాసడీనా పక్కన శాన్ గాబ్రియల్ కొండల కింద ఉంది జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ. 1936లో కాల్‌టెక్ విద్యార్థులూ వాళ్ల మిత్రులూ అక్కడి ఎండు వాగులో రాకెట్ ఇంజిన్ మండించి చూశారు. నాసాకు వాయేజర్లనూ అంగారక రోవర్లనూ ఇచ్చిన సంస్థకు అదే బీజం.

ఆ ముసుగులు మనుషుల రక్షణకు కాదు, యంత్రం కోసం. మన ఒంటి మీది సూక్ష్మజీవి ఒక్కటి అంగారకుడి మీదకు చేరినా చిక్కే. రేపు అక్కడ జీవం జాడ దొరికితే అది వాళ్లదో మనదో తేల్చేదెలా?

శుభ్రత ఒక్కటీ చాలదు. రాకెట్ కుదుపులెలా ఉంటాయో ఊపి చూస్తారు. 1960ల మొదట్లో కట్టిన 85 అడుగుల ఎత్తు ఉక్కు గదిలో పెట్టి గాలంతా తోడేస్తారు. గోడలను ద్రవ నైట్రోజన్‌తో చల్లబరుస్తారు. పైనుంచి జినాన్ దీపాలతో ఎండ కాయిస్తారు. ఒకసారి గడప దాటాక స్క్రూ బిగించడానికైనా ఎవరూ వెళ్లలేరు మరి!

ఇంత చేసినా గెలీలియో ఏడిపించింది. గురుగ్రహానికి వెళ్లాల్సిన ఆ నౌక, 1986 నాటి ఛాలెంజర్ ప్రమాదంతో ఆగిపోయింది. ఫ్లోరిడా నుంచి లారీలో వెనక్కి తెచ్చారు. మళ్లీ లారీలోనే తీసుకెళ్లి 1989లో ప్రయోగించారు. 1991 ఏప్రిల్‌లో గొడుగులా విచ్చుకోవాల్సిన పెద్ద యాంటెన్నా సగంలోనే బిగుసుకుపోయింది. రోడ్డు కుదుపులకు కడ్డీల దగ్గరి కందెన పూత అరిగిపోయి ఉంటుందని ఇంజినీర్లు అంచనాకొచ్చారు. రోదసి సంగతులన్నీ లెక్కవేసినవాళ్లను లారీ ప్రయాణం దెబ్బకొట్టింది!

నౌకను ఎండకు తిప్పారు, నీడకు తిప్పారు. ఊహూ, కదల్లేదు. చివరికి సాఫ్ట్‌వేర్ మార్చి, సమాచారాన్ని కుదించి, చిన్న యాంటెన్నాతోనే నెట్టుకొచ్చారు. అలాగే 1995లో గురుగ్రహం చేరి, 2003 దాకా పనిచేసిందది.

2020లో బయల్దేరిన పర్సెవరెన్స్ రోవర్‌కు పుట్టింట్లో ఓ కవల ఉంది. పేరు ఆప్టిమిజమ్. దాని నడక పరీక్షలకు ల్యాబ్ ఆవరణలోనే ‘మార్స్ యార్డ్’ అనే రాళ్ల మైదానం ఉంది. అంగారకుడి మీది అక్కకు కొత్త సాఫ్ట్‌వేర్ పంపాలంటే, ముందు ఈ చెల్లెలి మీద ప్రయత్నించి చూస్తారు.