తీర్థము లేని తీర్థయాత్ర

శ్రీమద్భగవద్గీతయందలి పదవ అధ్యాయము విభూతియోగము. అందు భగవానుడు ఋతువులలో తాను వసంతమునని చెప్పెను. ఆ మాట అందరికీ ప్రియమైనదే. అయితే అదే అధ్యాయమున మృగములలో సింహమును, సర్పములలో వాసుకిని తానేనని కూడ సెలవిచ్చెను. పూచిన కొమ్మయందు స్వామిని చూచుట సులభము. కోరలు, గోళ్లు గల ప్రాణియందు చూచుట కష్టము. కడప జిల్లాలో ఇద్దరు మిత్రులకు ఒక చైత్రమాసపు దినమున ఈ రెండవ పాఠము లభించిన తీరు సాధకులు తెలిసికొనదగినది.

ఇరువురూ ఖాజీపేటవారు, బాల్యస్నేహితులు. ఒకరు పసుపు పండించు రైతు, మరొకరు పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుడు. రైతు తల్లి ఒకప్పుడు ఏటేటా శివరాత్రికి లంకమల అడవిలోని నిత్యపూజకోనకు కాలినడకన పోయెడి భక్తురాలు. ఇప్పుడు మంచము పట్టినది. "ఆ కోన నీళ్లు ఒక్క చెంబుడు తెచ్చి నా నోట్లో పోయి నాయనా" అని కుమారుని కోరినది. పసుపు పనులు ముగిసినంతనే అతడు ఇత్తడి చెంబు, మారేడు దళములు తీసికొని మిత్రునితో బయలుదేరెను.

సిద్ధవటము మీదుగా పోయి, పంచలింగాల వద్ద బండి నిలిపి, తెల్లవారుజామున నడక ఆరంభించిరి. ఆ అడవిలో వసంతమనగా పచ్చదనము కాదు. ఎర్రచందనపు చెట్లు ఆకు రాల్చి నిలిచియుండును. వాటి నడుమ మోదుగలు మాత్రము అగ్నిహోత్రమువలె ఎఱ్ఱగా పూయును. దారిలో నెమళ్లు అరచెను. చుక్కలజింకల గుంపొకటి తలలెత్తి చూచి పొదలలోనికి మాయమాయెను.

ఉపాధ్యాయుడు కలివికోడి వృత్తాంతము చెప్పెను. రాత్రివేళ మాత్రమే సంచరించు ఆ పక్షి 1900 తరువాత ఎవరికీ కనబడలేదు. అది అంతరించినదనియే శాస్త్రజ్ఞులు తలచిరి. 1986 జనవరిలో ఈ లంకమల పాదప్రదేశమందలి పొదలలోనే అది మరల కనబడెను. అటుపిమ్మట 1988లో ఈ అడవి శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యమాయెను. "ఎనబై ఐదేండ్లు మనుషుల కంట పడకుండా ఈడనే బతికింది ప్పా. మనకు కనపడకపోతే లేదని ఎట్లంటాము?" అనెను.

కోన సమీపించుచుండగా కొండముచ్చులు ఒక్కసారిగా హెచ్చరిక కూత వేసెను. మలుపు తిరుగగానే, దారి ప్రక్కనున్న చెదపుట్టను త్రవ్వుచు ఒక ఎలుగుబంటి కనబడెను. వీపుపై రెండు పిల్లలు నల్లని వెండ్రుకలను పట్టుకొని కూర్చొనియుండెను. పిల్లలను వీపున మోయుట ఆ జాతికి సహజధర్మము. దాని చూపు మందము, ఘ్రాణము తీక్ష్ణము. గాలి ఎదురుగా వీచుటచే ఇంకను మనుష్యుల జాడ తెలియలేదు.

రైతు రాయి అందుకొనెను. "ఇంక రవ్వంత దూరమే. కేకేస్తే అదే పోతాది" అని గుసగుసలాడెను. ఉపాధ్యాయుడు అతని మణికట్టు పట్టుకొని, "అమ్మ కోసరం వచ్చినాము గదా. అదీ అమ్మే ప్పా" అనెను. రాయి నేల జారెను. ఇరువురూ వీపు త్రిప్పకుండ, అడుగులో అడుగు వేయుచు వెనుకకు నడచిరి. దూరముగా ఒక చెట్టు క్రింద రెండు గంటలు వేచి, మరల పోయి చూచిరి. తల్లి అచ్చటనే ఉన్నది, పిల్లలు నేలపై ఆడుచున్నవి. చీకటి పడకముందే అడవి దాటవలెను గనుక రిక్తపాత్రతో మరలిరి. దారి పొడుగునా రైతు పలుకలేదు.

ఇది సంకల్పభంగమా? పతంజలి మహర్షి యమములలో అహింసను మొదట నిలిపెను. భావపుష్పములతో చేయు అర్చనయందును మొదటి పుష్పము అహింసయే. మారేడు దళము లింగమును చేరలేదు. కాని రాయి నేల జారిన క్షణమున ఆ మొదటి పుష్పము పశుపతికి సమర్పితమాయెను. రాతి దెబ్బతో ఒక తల్లిని తరిమి తెచ్చిన జలము మరియొక తల్లికి తీర్థమెట్లగును? అయినను శాస్త్రము ఇట్లు సమాధానపరచినంత మాత్రమున కుమారుని దుఃఖము తీరదు. ఆ రాత్రి అతడు గడప వద్దనే చాలసేపు నిలబడిపోయెను.

తల్లి ఖాళీ చెంబును చూచి, "నీళ్లు తేలేదా" అని గోడవైపు తిరిగెను. అతడు జరిగినదంతయు చెప్పెను. చాలసేపటికి ఆమె, "పిల్లలు ఎన్ని?" అని అడిగెను. "రెండు మా." "వీపు మీదనే ఉండాయా?" "ఆ. గట్టిగా పట్టుకోనుండాయి."

ఆమె ఇటు తిరిగెను. ఇంటి కుండలోని నీటినే ఆ చెంబులో పోయించుకొని, శివనామము పలికి, కుమారుని చేతి మీదుగా త్రాగెను.

సర్వం శివార్పణమస్తు.